మత్తులో మెలకువ

మా పెద్దమ్మ మామిడికాయల బేరం వినలేదు. చెవుడని కాదు. "వంద ఎంతకిస్తావు?" అని ఎవరన్నా గట్టిగా అడిగితే చాలు, ఊపిరి బిగపట్టేది. చేతిలో ఏముంటే అది అక్కడే పెట్టేసి దొడ్లోకి వెళ్ళిపోయేది. ఇంకో ఊళ్ళో అయితే ఇది ఎవరి కంటా పడేది కాదేమో. మాది ఉంగుటూరు. గోదావరి వైపు ఉంగుటూరు కాదు, గన్నవరం దాటాక తేలప్రోలు దగ్గరి కృష్ణా జిల్లా ఉంగుటూరు. వేసవి వచ్చిందంటే నూజివీడు, ఆగిరిపల్లి తోటల కాయ గురించి తప్ప మా వైపు వేరే మాట ఉండదు. చిన్నరసాలు ఈ ఏడు నిలిచాయా, బంగినపల్లికి మంగు పట్టిందా, ఎవరి తోట ఎంతకి పోయింది. ఆ మూడు నెలలూ పెద్దమ్మ ఇంట్లో వీధివైపు కిటికీలు మూసి ఉండేవి. పిల్లలం దాన్ని చాదస్తం అనుకునేవాళ్ళం. పెద్దవాళ్ళు గాలి సోకిందనుకున్నారు.

అసలు కారణం నాకు 2019లో తెలిసింది. అప్పటికి పెద్దమ్మకి యాభై ఏడేళ్ళు. గాల్ బ్లాడర్‌లో రాళ్ళు. నొప్పి వచ్చిన ప్రతిసారీ మెలికలు తిరిగిపోయేది కానీ రెండేళ్ళుగా ఆపరేషన్ మాట ఎత్తనిచ్చేది కాదు. "చస్తే ఇంట్లోనే చస్తాను" అనేది. నేను స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్.డి. ముగించి ఇంటికి వచ్చిన రోజులవి. ఊళ్ళో స్త్రీలు చెప్పే మాటలు రికార్డు చేస్తూ తిరిగేదాన్ని గానీ, మా ఇంట్లో మనిషిని ఏమీ అడగలేదు. ఒకరాత్రి వసారాలో పక్కపక్క మంచాల మీద పడుకుని ఉండగా, "ఎందుకు పెద్దమ్మా అంత భయం?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి కూర్చుంది. పడుకుని చెప్పలేనంది.

1996 మే నెల. ఆమెకి ముప్పై నాలుగేళ్ళు. తెల్లబట్ట అవుతోందని వెళితే, గర్భసంచి పుచ్చిపోయింది, ఉంచితే క్యాన్సర్ అవుతుందన్నారు. కోస్తా జిల్లాల్లో ఈ వాక్యం వినని స్త్రీలు తక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు చొప్పున ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. పెద్దమ్మకి ఆ ఆపరేషన్ అవసరమా కాదా అన్నది ఇప్పుడు తేల్చలేం. కాగితం మీద సంతకం పెదనాన్న పెట్టాడు. ఆస్పత్రి పేరు నేను రాయను, ఇప్పుడు అక్కడ అది లేదు కూడా.

"మత్తిచ్చారు. నిద్రపోయాను. మళ్ళీ మెలకువొచ్చింది. అయిపోయిందేమో, వార్డులో ఉన్నానేమో అనుకున్నా. కళ్ళు తెరుద్దామంటే రెప్ప లేవదు. అప్పుడు కోత తెలిసింది. అరుద్దామంటే గొంతులో ఏదో గొట్టం. ఊపిరి కూడా నాది కాదే అమ్మాయ్, ఎవరో బయట్నించి లోపలికి కొడుతున్నారు. చచ్చిపోయాననుకున్నా. చచ్చాక నొప్పి ఉంటుందా అనుకున్నా. కాలి బొటనవేలు కదిపితే చాలు, వాళ్ళకి తెలుస్తుందని దానికేసే నా బలమంతా పెట్టా. కదల్లేదు. వాళ్ళిద్దరూ మామిడికాయల గురించి మాట్లాడుకుంటున్నారు. చిన్నరసాలు వంద ఎంతకిస్తున్నారండీ అని ఒకాయన. రెండో ఆయన రేటు చెప్పాడు. మా తోటలో ఇంకా తక్కువకి ఇస్తాను పంపించనా అన్నాడు."

ఆ రేటు ఎంతో కూడా ఆమెకి గుర్తుంది. నాకు చెప్పింది. ఆ ఏడాది మా వాళ్ళ లెక్కల పుస్తకం తీసి చూశాను. ఆ నెలలో అదే రేటు. ఈ పని చేసినందుకు తర్వాత సిగ్గుపడ్డాను. ఆమె మాట చాలక నేను కూడా సాక్ష్యం వెతికాను కదా.

మర్నాడు నర్సుతో చెబితే "మత్తులో కలలొస్తాయమ్మా" అందట. పెదనాన్నతో చెబితే డాక్టర్ని అనుమానించకూడదన్నాడు. రాత్రుళ్ళు కేకలు మొదలయ్యాయి. వెల్లకిలా పడుకోలేదు, దుప్పటి మెడ దాటనివ్వదు, ఎవరన్నా మణికట్టు పట్టుకుంటే విదిలించేస్తుంది. తాయెత్తు కట్టించారు. పని చేయకపోతే నిద్రమాత్రలు రాయించారు. ఆ మాత్రలు ఇరవై మూడేళ్ళు మింగింది.

పుస్తకాల దగ్గరికి పరిగెత్తడం నా రోగం. ఈసారి దొరికిన మొదటి తలుపు దూరాన కాదు, హైదరాబాదులో ఉంది. 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి అక్కడ క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. నడిపించినవాడు రెసిడెన్సీ సర్జన్, మెడికల్ స్కూల్ అధిపతి ఎడ్వర్డ్ లారీ. రెండోదానికి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్ అనే శాస్త్రవేత్తను పంపింది. వందల కుక్కలకీ, కోతులకీ క్లోరోఫాం ఇచ్చి చూశారు. వాళ్ళ ప్రశ్న ఒకటే: క్లోరోఫాం చంపితే ముందు ఆగేది ఊపిరా, గుండెా? ఊపిరేనని తేల్చారు. మత్తు లోతుగా లేనప్పుడే గుండె గతి తప్పి ఆగిపోవచ్చునని 1911లో లెవీ చూపించాక ఆ తీర్పు నిలబడలేదు.

ఆ కథలో నన్ను పట్టుకున్నది వేరే మనిషి. రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో ఆ మెడికల్ స్కూల్లో చేరిన కొద్దిమంది అమ్మాయిల్లో ఒకరు. 1889లో హకీం పట్టా తీసుకుంది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో రోగులకి క్లోరోఫాం ఇచ్చేది. మత్తు వైద్యంలో శిక్షణ పొందిన మొదటి స్త్రీలలో ఒకరని, కొందరైతే ప్రపంచంలోనే మొదటామె అని, చెబుతారు. ఆ రోజుల్లో మత్తు ఇవ్వడమంటే రోగి తల దగ్గర కూర్చుని, ముఖం మీద గుడ్డ పట్టుకుని, ఛాతీ లేచి పడడాన్ని చూస్తూ ఉండడం. రోగి కదిలితే మత్తు చాలలేదని అర్థం. మూలిగితే ఇంకో నాలుగు చుక్కలు. భాష మొరటుదే కానీ ఆ గదిలో రోగి శరీరానికి ఒక భాష ఉండేది.

ఆ శరీరం తర్వాత నోరు తెరిచి చెప్పే మాటను మాత్రం వినేవాళ్ళు తక్కువ. 1854లో ఫిలడెల్ఫియాలో ఒక యువతి పన్ను చూపించుకోవడానికి వెళ్ళి, ఈథర్ మత్తులో ఉండగా దంతవైద్యుడు తనపై అత్యాచారం చేశాడని కోర్టుకి చెప్పింది. జరిగేదంతా తెలుస్తూనే ఉందని, కదలలేకపోయానని, అరవలేకపోయానని చెప్పింది. జ్యూరీ నమ్మి శిక్ష వేసింది. దంతవైద్యులు కోపంతో ఊగిపోయారు. ఈథర్ స్త్రీలకి కామపు కలలు తెప్పిస్తుందని, మత్తులో ఉన్న ఆడదాని మాట సాక్ష్యం కాదని వాదించారు. చివరికి గవర్నరు అతనికి క్షమాభిక్ష ఇచ్చాడు. మత్తులో స్త్రీలకి కలుగుతాయనే భ్రమల సంగతి ఆ తర్వాత దశాబ్దాల పాటు వైద్యశాస్త్ర, న్యాయశాస్త్ర పుస్తకాల్లో ఒక హెచ్చరికగా నడిచింది. ఎవరికి హెచ్చరిక? వైద్యులకి, తలుపు దగ్గర ఒక సాక్షిని ఉంచుకోమని. "మత్తులో కలలొస్తాయమ్మా" అన్న మాట మా జిల్లాలో పుట్టింది కాదు.

కదలిక అనే ఆ కాస్త భాష కూడా పోయింది 1942 జనవరిలో. మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, ఇనిడ్ జాన్సన్ అనే ఇద్దరు వైద్యులు మొదటిసారి ఆపరేషన్‌లో క్యురారే వాడారు. (జాన్సన్ స్త్రీ. చాలాచోట్ల గ్రిఫిత్ పేరొక్కటే కనిపిస్తుంది.) దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకి పూసే విషం అది. కండరాన్ని కదలనివ్వదు. అందువల్ల పెద్ద ఆపరేషన్లు సులువయ్యాయి, మత్తు తక్కువతో సరిపోయి ఎందరో బతికారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ అప్పటిదాకా ఒకే మందు చేసిన పని మూడుగా చీలింది. నిద్రకొకటి, నొప్పికొకటి, కదలకుండా ఉండడానికొకటి. మూడోది నిండుగా ఉండి మొదటిది తగ్గితే? క్యురారే ఎక్కిన జంతువు బయటికి శవంలా ఉన్నా లోపల అనుభూతి చెక్కుచెదరదని క్లోడ్ బెర్నార్డ్ 19వ శతాబ్దంలోనే రాశాడు. అయినా క్యురారే మత్తు కూడా ఇస్తుందేమోనన్న సందేహం పోలేదు. దాన్ని తేల్చడానికి 1940లలో స్కాట్ స్మిత్ అనే అమెరికన్ డాక్టరు తానే మంచమెక్కి, మత్తు లేకుండా తనకి క్యురారే ఎక్కించుకున్నాడు. ఒక్క వేలు కదలనప్పుడు కూడా స్పృహ, నొప్పి, జ్ఞాపకం పూర్తిగా ఉన్నాయని లేచాక చెప్పాడు. ఆయన చెప్పింది అంతా నమ్మారు. కలొచ్చింది సార్ అని ఎవరూ అనలేదు.

పెద్దమ్మ బొటనవేలు ఎందుకు కదల్లేదో నాకు ఈ పేజీలో అర్థమైంది.

ఎంతమందికి ఇలా జరుగుతుందన్న ప్రశ్నకి వచ్చే జవాబు, అడిగే తీరు మీద ఆధారపడి ఉండడం విచిత్రం. బ్రిటన్, ఐర్లండ్ దేశాల మత్తువైద్యులు ఒక ఏడాది పాటు ఇలాంటి ఫిర్యాదులన్నీ సేకరించి 2014లో ఐదో జాతీయ ఆడిట్ పేరుతో పెద్ద నివేదిక ప్రచురించారు. రోగులు తమంతట తాము వచ్చి చెప్పినవి లెక్కిస్తే 19 వేల జనరల్ ఎనస్థీషియాల్లో ఒకటి. పూర్తి మత్తుతో చేసిన సిజేరియన్లలో సుమారు 670కి ఒకటి. అదే ఆపరేషన్ తర్వాత ప్రతి రోగినీ పనిగట్టుకుని అడిగిన పరిశోధనల్లో వెయ్యికి ఒకటి రెండు చొప్పున బయటపడ్డాయి. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలో మా పెద్దమ్మలాంటి వాళ్ళున్నారు. ఆ నివేదికలో ఒకరు జరిగిన 62 ఏళ్ళ తర్వాత చెప్పారు. మెలకువ వచ్చే ప్రమాదం స్త్రీలకి ఎక్కువన్నది కూడా అందులో ఉంది. 2023లో అచ్చయిన మరో అధ్యయనంలో, గొట్టం వేశాక "వింటుంటే చెయ్యి నొక్కు" అంటే నొక్కిన యువతీయువకులు పదిమందిలో ఒకరు. స్త్రీలలో అది పురుషులకి రెట్టింపు. లేచాక వాళ్ళలో ఎక్కువమందికి అది గుర్తుండదు, అది వేరే సంగతి. నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు మించి ఆపరేషన్లు ఏ మెలకువా లేకుండా జరుగుతాయి. ఇది చదివి ఎవరూ ఆస్పత్రికి దూరం కావద్దు. దూరమైతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

ఆ నివేదిక చెప్పిన ఇంకో విషయం నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది. మెలకువ చాలామందిలో ఐదు నిమిషాల లోపే. అయినా సగంమంది ఆ సమయంలో తల్లడిల్లారు, 41 శాతం మందికి ఆ బాధ దీర్ఘకాలం నిలిచింది. మనసుని పాడు చేసింది ప్రధానంగా నొప్పి కాదు, కదలలేకపోవడం. తనకేం జరుగుతోందో ఆ క్షణంలో రోగి ఎలా అర్థం చేసుకుందన్నదే తర్వాతి జీవితాన్ని నిర్ణయిస్తుందట. చచ్చిపోయానని పెద్దమ్మ అనుకుంది. అది కాదమ్మా, మందు వల్ల కదల్లేకపోతున్నావు, నేనిక్కడే ఉన్నాను అని ఒక గొంతు చెప్పి ఉంటే ఇరవై మూడేళ్ళలో ఎన్ని మిగిలేవో.

ఈ బాధకి పేరు రావడం వెనక ఆడవాళ్ళ పని ఉంది. 1974లో బోస్టన్‌లో ఆన్ బర్జెస్, లిండా హోమ్‌స్ట్రామ్ అత్యాచారానికి గురై ఆస్పత్రికి వచ్చిన స్త్రీలతో మాట్లాడి, పీడకలలు, ఉలికిపాటు, తప్పించుకు తిరగడం ఒక క్రమంలో ఉంటాయని రాశారు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులూ అవే చెబుతున్నారు. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల పుస్తకంలోకి పోస్ట్ ట్రామటిక్ స్ట్రెస్ డిజార్డర్ ఎక్కింది. అయితే మామూలు మనుషుల అనుభవంలో లేని ఘటన జరిగితేనే అది ట్రామా అన్నారు. ఇంట్లో దెబ్బలు, అత్యాచారం మామూలు ఆడవాళ్ళ అనుభవంలో లేవా అని స్త్రీవాద మానసిక చికిత్సకులు నిలదీశారు. 1994లో ఆ షరతు పోయింది. 1992లో జుడిత్ హెర్మన్ రాసిన పుస్తకం సైనికుడినీ, ఇంట్లో బందీ అయిన స్త్రీనీ ఒకే పేజీలో కూర్చోబెట్టింది. ఆపరేషన్ మధ్యలో మెలకువ రావడం అనేది ఉదాహరణగా ఆ వైద్యుల పుస్తకంలోకి పేరుతో సహా చేరింది మాత్రం 2013లో. అప్పటికి పెద్దమ్మ కిటికీలు మూసుకోవడం మొదలై పదిహేడేళ్ళు.

నేను సాహిత్య విద్యార్థిని కనక ఇంకొకామె గుర్తొచ్చింది. ఇంగ్లీషు నవలాకారిణి ఫానీ బర్నీ. 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో నెపోలియన్ సైన్యపు సర్జన్ లారే ఆమె రొమ్ము తొలగించాడు. మత్తు మందు ఇంకా పుట్టలేదు. ముఖం మీద కప్పిన పల్చటి రుమాలు గుండా ఆమెకి కత్తి మెరుపు కనిపిస్తూనే ఉంది. ఈ సంగతి అక్క ఎస్తర్‌కి ఉత్తరంగా రాయడానికి ఆమెకి నెలలు పట్టింది. రాసింది మళ్ళీ చదువుకోలేకపోయింది. పీజీలో మాకు ఈ ఉత్తరాన్ని ధైర్యానికి ఉదాహరణగా చెప్పారు. నాకిప్పుడు అది చికిత్సలా కనిపిస్తోంది. కాస్త రాయడం, తల పగిలిపోతుంటే ఆపడం, మళ్ళీ కూర్చోవడం. వినడానికి ఒక అక్క ఉండడం.

మేము విజయవాడలో ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. యాభైల్లో ఉన్న స్త్రీ. మొదటిరోజు ఆమె పెద్దమ్మని ఏమీ చెప్పమనలేదు. కాగితం మీద మూడు గీతలు గీసి మూడు మందుల సంగతి చెప్పింది. "మీ వేలు కదలకపోవడం మీ చేతకానితనం కాదమ్మా, ఆ మందు పనే అది" అంది. పెద్దమ్మ ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. తను సరిగ్గా ప్రయత్నించలేదని, ఇంకొంచెం గట్టిగా ప్రయత్నిస్తే కదిలేదేమోనని అన్నేళ్ళుగా తనని తానే తిట్టుకుంటోందని నాకు అప్పుడు తెలిసింది.

తర్వాతి వారాల్లో చెప్పించింది. మొదటి నుంచి చివరిదాకా, మళ్ళీ మొదటి నుంచి. ఇప్పుడే జరుగుతున్నట్టుగా. ఊపిరి బిగిస్తే ఆపి, ఇది ఏ సంవత్సరం, ఈ గది రంగేమిటి అని అడిగేది. ఇంటి దగ్గర చేయమని పనులిచ్చేది. రోజుకి ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోవడం. తర్వాత పది. దుప్పటి గడ్డం దాకా. నా చేత మణికట్టు పట్టించుకోవడం, వదలమన్నప్పుడు నేను వదిలేయడం. ఆ "వదలమన్నప్పుడు" అన్నదే మందు. నిద్రమాత్రలు ఒక్కసారిగా కాదు, నెలల మీద తగ్గించారు. ఇలాంటి బాధకి అవి మందు కావని, భయాన్ని మూతపెట్టి ఉంచుతాయని మానసిక వైద్యుడు చెప్పి సెర్ట్రలిన్ రాశాడు. కళ్ళ కదలికలతో చేసే ఇఎండిఆర్ అనే పద్ధతి కూడా ఉందన్నారు, మాకు దాని అవసరం పడలేదు. మధ్యలో రెండుసార్లు పెద్దమ్మ రానని మొరాయించింది. ఒకసారి బస్టాండు దాకా వచ్చి వెనక్కి పోయింది. నెల తర్వాత తనే "పద" అంది. నేనే ఆ మధ్యకాలంలో ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. విసుగొచ్చింది. రికార్డర్ ముందు నేను చూపే ఓర్పు ఇంట్లో ఉండదు.

ఇదంతా అందరికీ అందే వైద్యం కాదని నాకు తెలుసు. ప్రతి విడతకి ఫీజు, బస్సు, ఒక పూట పని. నా ఫెలోషిప్పు డబ్బులు మిగిలి ఉన్నాయి కనక జరిగింది. తేలప్రోలు చుట్టుపక్కల గర్భసంచి తీయించుకున్న స్త్రీలు వీధికి ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళలో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే ఎవరికి చెప్పుకోవాలి?

రాళ్ళ ఆపరేషన్ ఖాయమయ్యాక మత్తు డాక్టర్ని ముందుగా కలవాలని పెద్దమ్మే అడిగింది. ఒక చిన్న అమ్మాయి, నా వయసే. పెద్దమ్మ నిలబడే మొత్తం చెప్పింది, మామిడికాయల రేటుతో సహా. ఆ అమ్మాయి మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయ్యాక, "అది కల కాదమ్మా, జరిగిందే. అలా జరిగినందుకు నాకు బాధగా ఉంది" అంది. పాత నివేదికల్లోంచి చదివినట్టు అనిపించింది నాకు. బ్రిటన్ ఆడిట్ చెప్పిన మొదటి మెట్టు అదే కదా, విను, నిజమని ఒప్పుకో, విచారం తెలుపు. ఆ అమ్మాయి అది చదివిందో లేదో అడగలేదు. మెదడులో మత్తు లోతుని చూపే మానిటరు పెడతానని, కండరాల మందు ఎంత మిగిలిందో యంత్రంతో కొలుస్తానని, థియేటర్లో కబుర్లు ఉండవని చెప్పింది. తల దగ్గరే కూర్చుంటానని కూడా అంది. నాకు అఫ్జల్‌గంజ్‌లో స్టూలు మీద కూర్చున్న రూపాబాయి గుర్తొచ్చింది.

ఆపరేషన్ అయిన సాయంత్రం ఆమె వార్డుకి వచ్చింది. 1970లో బ్రైస్ అనే ఆయనా సహచరులూ తయారుచేసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఎంత మామూలు ప్రశ్నలంటే వంటింట్లో అడుక్కునేలా ఉంటాయి. నిద్రపోయే ముందు చివరగా గుర్తున్నదేమిటి? లేచాక మొదట గుర్తున్నదేమిటి? మధ్యలో ఏమన్నా గుర్తుందా? కల వచ్చిందా? అన్నిటికంటే ఇబ్బంది అనిపించింది ఏమిటి?

"చివర నీ గొంతు" అంది పెద్దమ్మ. "మొదట దీని మొహం" అని నన్ను చూపించింది. మధ్యలో ఏమీ లేదంది. కల లేదంది. గొంతు నొప్పిగా ఉందంది.

డాక్టరు రాసుకుని వెళ్ళబోతుంటే చెయ్యి చాపి ఆమె కోటు అంచు పట్టుకుంది.

"ఆ మూడోది ఇంకోసారి అడుగమ్మా."

అడిగింది. లేదని మళ్ళీ చెప్పింది పెద్దమ్మ, ఈసారి కొంచెం గట్టిగా, పక్క మంచం వాళ్ళకి కూడా వినపడేలా.

ఆ తర్వాతి వేసవికి వీధివైపు కిటికీల్లో ఒకటి తెరిచింది. నున్న మామిడి మార్కెట్‌కి మాత్రం ఇప్పటికీ రాదు. కాయలు నన్నే తెమ్మంటుంది. ఎంతకి తెచ్చానో అడగదు.